రెండు కొసలూ ఒకే పెట్టెలో

నాలుగు దాటి రెండు నిమిషాలు. ఐదింటికి మూసేస్తారు. సీటు ఖాయం చేసుకునే పేజీ తెరిచి, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, తీగ చుట్టిన చెక్క చక్రం మీద కూర్చున్నాను. పేజీలో రెండే రెండు గుండ్రాలు. ఒకదాని పక్కన యూనివర్సిటీ, ఇంకోదాని పక్కన టెక్నికల్ కాలేజీ, రెండిట్లోనూ అదే కంప్యూటర్ డిగ్రీ. రెండు గుండ్రాలూ ఖాళీగా నా వైపే గుడ్లప్పగించి చూస్తున్నాయి. పైన ఉన్న పేరు నాది కాదు, మా చెల్లెలిది. ఫోటో కూడా దానిదే, ఫోటోలో కూడా ఏదో అడగబోతున్నట్టు నోరు కాస్త తెరిచే ఉంది. నోరు మూసుకోమ్మా అన్నాడట ఫోటోగ్రాఫరు, ఎందుకు అందట ఇది, అతను విసిగిపోయి అలాగే నొక్కేశాడట. ఇంట్లో దాని పేరే ఎందుకమ్మ, నాన్న పెట్టిన పేరు. పది రోజులు గడువిస్తే తొమ్మిది రోజులు దాటేసి, ఈ పొద్దున చెప్పులేసుకుంటూ అంది, "నువ్వే పెట్టేయ్ అక్కా, ఈ రెండిటి సంగతీ నీకంటే ఎవరికి తెలుసు" అని. అని పనికి వెళ్లిపోయింది. సెలవుల్లో మందుల ప్యాకింగ్ యూనిట్లో చేస్తోంది, అక్కడ ఫోన్లు గేటు దగ్గరే పెట్టేయాలి, పావు తక్కువ ఐదింటికి విరామం ఇస్తారు, అప్పుడు చేస్తుంది ఫోను. అందాకా ఈ రెండు గుండ్రాలూ నేనూ.

ఇది ఆసుపత్రి కింది అంతస్తులో మెట్ల కింద ఉన్న గది, ఒకప్పుడు దుప్పట్లు దాచుకునేవారట. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్న కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టెలున్నాయి, ఇనుప చట్రంలో ఒకదాని మీద ఒకటి, ఒక్కో పెట్టె ముఖాన వరసగా కన్నాలు, కన్నానికో నీలం తీగ, తీగకో బుల్లి పచ్చ దీపం. స్విచ్చులంటాం వీటిని, లైటు స్విచ్చి కాదండీ అని ప్రతి కొత్త నర్సుకీ చెప్పుకోవాలి. మధ్యాహ్నం వీటిలో ఒకటి కన్ను మూసింది, కొత్తది బిగించాను, ఇప్పుడు దానికి బుద్ధులు ఎక్కుతున్నాయి, ఏ కన్నం ఏ వార్డుది, ఎవరు ఎవరితో మాట్లాడవచ్చు, తేడా వస్తే ఎవరి నోరు మూయాలి, అన్నీ. ఎంత ఎక్కిందో చెప్పే గీత తెర మూలన పాకుతోంది. పన్నెండు శాతం. అది నిండేదాకా కదలకూడదు, నిండేదాకా వార్డుల తీగలు తగిలించనూ కూడదు, ఇది మా మేస్త్రి పెట్టిన నియమం. మేస్త్రి అంటే మా సెక్షన్ పెద్దాయన, నాకు పని నేర్పినాయన, చదువు తక్కువ, చెవులు ఎక్కువ, పెట్టె ఫ్యాను చప్పుడు విని జబ్బు చెప్పేస్తాడు. గదిలో యంత్రాల కోసం పెట్టిన చల్లదనం మనుషుల్ని లెక్కచేయదు, మేకుకి తగిలించి ఉంచుకున్న పాత స్వెట్టరు వేసుకున్నాను. సెల్లుకి సిగ్నల్ తలుపు సందులో తప్ప అందదు కాబట్టి తలుపుకి స్టూలు అడ్డం పెట్టి దాని మీద సెల్లు పెట్టాను.

నాకు కుళ్లుగా ఉంది. అసూయ అని రాస్తారు పుస్తకాల్లో, అంత గౌరవమైన మాట అక్కర్లేదు దీనికి, ఇది కుళ్లే. ముప్పై ఏళ్లొచ్చాయి నాకు, అది పద్దెనిమిది నిండని పిల్ల, నేను జడ వేసి బడికి పంపిన పిల్ల, దాని పళ్లు ఊడితే నేను దాచిపెట్టాను, దాని మీద నాకు కుళ్లు. ఇవాళ్టిది కాదు, పది రోజుల కిందట రెండు చోట్లా సీటు వచ్చిందని కాగితం చేతిలో పట్టుకుని గెంతుతూ వచ్చినప్పుడు, నేను దాన్ని కౌగిలించుకున్నాను, దాని భుజం మీంచి గోడకేసి చూస్తూ, టెక్నికల్ కాలేజీ ఒక్కటే వచ్చి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను. అనుకుని, దాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అమ్మ చూసి కళ్లు తుడుచుకుంది, అక్కచెల్లెళ్లంటే ఇలా ఉండాలంది.

టెక్నికల్ కాలేజీ గుండ్రం నొక్కడానికి నా దగ్గర మంచి ఉపన్యాసమే ఉంది. పది రోజులుగా తయారుచేసుకున్నాను. చేతిలో పని ఉంటుంది. మూడో ఏడాదికే ఎక్కడో ఒకచోట నిలబడొచ్చు. క్లాసుకి ఇరవై మందే, పంతులమ్మకి నీ పేరు తెలుస్తుంది. యూనివర్సిటీలో రెండొందల మందిలో ఒకదానివి, మొదటి రెండేళ్లూ లెక్కలే, కంప్యూటరు మొహం కూడా సరిగ్గా చూడనివ్వరు. ఇందులో ఒక్క అబద్ధం లేదు, అదే చిక్కు. ఇవే మాటలు మేస్త్రి చెప్పినా, పక్కింటి టైలరు చెప్పినా మంచి సలహానే. నా నోట్లోంచి వస్తే మాత్రం వాటి వెనక ఏముందో నాకు తెలుసు. అది కూడా నాలాగా మెట్ల కింద కూర్చోవాలి, దాన్ని కూడా ఎవరో పైనుంచి "కంప్యూటర్ అమ్మాయ్" అని కేకేయాలి, ఫోనెత్తి ప్రింటర్ కాగితం నమిలేసింది రమ్మనాలి. అప్పుడు నాకు ప్రాణం హాయిగా ఉంటుంది. ఛీ. పద్నాలుగు శాతం.

పైనేమో డబ్బాల సార్ ఉన్నాడు. యూనివర్సిటీలో చదివి వచ్చాడు, నాకంటే ఆరేళ్లు చిన్న, ఏది అడిగినా తెల్ల బోర్డు దగ్గరికి పోయి డబ్బాలు గీస్తాడు, డబ్బా నుంచి డబ్బాకి బాణం వేస్తాడు, డాక్టర్లు తలకాయలూపుతారు. ఆ బాణం అంటే ఏమిటో వాళ్లకి తెలీదు. ఆ బాణం అంటే నేను. నేను నిచ్చెనెక్కి పైకప్పు పలక ఊడదీసి దుమ్ములో తీగ లాగితేనే ఆ బాణం బాణమవుతుంది. అతను చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేది, కాదు, నన్ను మేడమ్ అంటాడు, కిందికి దిగి వచ్చి మీరేమంటారు మేడమ్ అని అడుగుతాడు. అడిగి, నేను చెప్పింది విని, దాన్ని కూడా ఒక డబ్బాలో పెట్టేస్తాడు. అతని మీద ఉన్న కుళ్లు పాతది, అలవాటైపోయింది, పన్నునొప్పిలాగా. చెల్లెలి మీదది కొత్తది, పచ్చిగా ఉంది. యూనివర్సిటీకి వెళ్లిందా, నాలుగేళ్లలో మా ఇంట్లో కూడా డబ్బాలు గీసే మనిషి ఒకత్తి తయారవుతుంది, భోజనాల దగ్గర.

అందరికీ చెప్పేమాట ఒకటుంది నా దగ్గర, పన్నెండేళ్లుగా. నాకూ వచ్చింది యూనివర్సిటీలో, నాన్న వద్దన్నారు. మొదటిసారి పిన్ని వాళ్లింట్లో అన్నాను. "వచ్చిందటగా, ఎందుకు చేరలేదే?" అని పిన్ని అందరి ముందూ అడిగేసరికి, నాకేం తోచక, "నాన్న వద్దన్నారు" అన్నాను. నాన్న అక్కడే ఉన్నాడు, మంచినీళ్లు తాగుతున్నాడు, గ్లాసు కింద పెట్టి, "అవును, నేనే వద్దన్నాను" అన్నాడు. ఇంకొక్క ముక్క లేదు. ఆ తర్వాత ఎవరు అడిగినా అదే. లిఫ్టులు బాగుచేసేవాడు నాన్న, గ్రీజు మరకలున్న ఖాకీ చొక్కా, మితంగా మాట్లాడతాడు, పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా ఇంటికొచ్చాక నన్ను పక్కకి పిలిచి, ఎప్పుడన్నానే నేను ఆ మాట అని అడగలేదు. వినగా వినగా నేనూ నమ్మేశాను. ఆ కోపంతో ఒక్కోసారి ఆయనకి కంచం కాస్త చప్పుడయ్యేట్టు కూడా పెట్టాను.

పావుగంట గడిచింది. గీత ముప్పై ఒకటి. చేతులు ఊరుకోవడం లేదు, వార్డుల తీగలు గుత్తిగా వేలాడుతున్నాయి, ఊరికే కూర్చునే బదులు ఒక్కొక్కటీ తగిలిస్తూ ఉంటే పని ముందుకు జరుగుతుంది కదా. మేస్త్రి చూస్తే చంపేస్తాడు. మేస్త్రి ఇవాళ సెలవు. పిల్లల వార్డు, ఇదిగో. ఎక్స్‌రే, ఇదిగో. ఇది తగిలించగానే దీపం వెలుగుతుంది చూడండి, ఈ ఒక్క క్షణం కోసం నేనీ పని చేస్తానని ఎవరికీ చెప్పలేదు. నెల కిందట చెల్లెల్ని నేనే తీసుకెళ్లాను రెండు చోట్లకీ, చేరబోయేవాళ్లు వచ్చి చూసుకోవచ్చని ఓ రోజు తలుపులు తీస్తారుగా, ఆ రోజున. టెక్నికల్ కాలేజీలో నాకు పాఠాలు చెప్పిన పంతులమ్మ ఇంకా ఉంది, జుట్టు నెరిసింది, నన్ను చూడగానే "మా బ్యాచ్ బంగారం వచ్చిందే" అంటూ నా చేతిలో తీగ, క్రింపరు పెట్టింది, క్రింపరంటే తీగ కొసకి ప్లాస్టిక్ తల బిగించే పనిముట్టు. ఎనిమిది సన్నటి పోగులు, ఎనిమిది రంగులు, వరస తప్పకుండా పేర్చి నొక్కేశాను, కళ్లు మూసుకుని కూడా చేయగలను. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు, అందరికంటే గట్టిగా కొట్టింది ఎందుకమ్మే. తర్వాత అదీ చేసింది, వరస తప్పింది, దీపం వెలగలేదు. ఏడవలేదు, సిగ్గుపడలేదు, "ఈ రంగే ముందు ఎందుకుండాలి మేడమ్, రెండు కొసల్లోనూ ఒకేలా తప్పు పేరిస్తే ఏమవుతుంది?" అంది. పంతులమ్మ నవ్వి, ముందు సరిగ్గా పేర్చడం నేర్చుకోమ్మా అంది. ఆ నవ్వు నాకు ఎంత తీయగా ఉందో.

యూనివర్సిటీలో పెద్ద హాలు, మెట్లు మెట్లుగా బల్లలు. నేను చివరి వరసలో కూర్చుందాం అన్నాను, అది రెండో వరసకి వెళ్లి కూర్చుంది. ప్రొఫెసరు ఏదో చెబుతూ చెబుతూ ఆగి, ప్రశ్నలున్నాయా అన్నాడు, ఎవరూ చెయ్యెత్తలేదు, ఇది ఎత్తింది. ఏమడిగిందో నాకు సరిగ్గా వినపడలేదు. ఆయన వేదిక దిగి దాని బల్ల దాకా వచ్చాడు. మళ్లీ అడగమన్నాడు. క్లాసయిపోయాక కూడా ఇద్దరూ వరండాలో నడుస్తూనే ఉన్నారు, అది చేతులు తిప్పుతూ మాట్లాడుతోంది, ఆయన నడక ఆపి వింటున్నాడు. నేను దాని సంచి పట్టుకుని నోటీసు బోర్డు పక్కన నిలబడ్డాను. సంచి బరువేం లేదు, ఒక నీళ్ల సీసా, ఒక పుస్తకం. అయినా చెయ్యి లాగింది. తిరిగొచ్చి, "ఆకలేస్తోంది అక్కా" అంది, అంతే, ఏదో గొప్ప పని చేశానన్న ధ్యాసే లేదు దానికి, ఆ ధ్యాస లేకపోవడమే నాకు ఒళ్లు మండించింది.

ఇంకోటి కూడా ఉంది. అది ఎవరికీ తెలీదు. ఆర్నెల్ల కిందట ఇక్కడ ఆసుపత్రంతా నలభై నిమిషాలు స్తంభించిపోయింది. చీటీలిచ్చే బల్ల దగ్గర ఒక తీగ కొస నేల మీద పడి ఉంటే, పాపం శుభ్రత ఎక్కువైన నర్సమ్మ ఒకావిడ దాన్ని తీసి, ఆ బల్ల కింద ఉన్న చిన్న పెట్టె కన్నంలో పద్ధతిగా గుచ్చింది. రెండో కొస అప్పటికే ఆ పెట్టెలోనే ఉంది. రెండు కొసలూ ఒకే పెట్టెలో ఉంటే ఏమవుతుందంటే, లోపలికెళ్లిన ఉత్తరం, అంటే ఒక కంప్యూటరు ఇంకోదానికి పంపే కబురు, బయటికొచ్చి మళ్లీ లోపలికే వెళ్తుంది, వెళ్లిన ప్రతిసారీ నకళ్లు పుడతాయి, చుట్టూ తిరుగుతూ తిరుగుతూ అదొక్కటే దారంతా నిండిపోతుంది, ఇంకెవరి మాటా ఎవరికీ అందదు. ఇంటికెళ్లి నవ్వించడానికి చెప్పాను. నాన్న నవ్వాడు. ఎందుకమ్మ ముద్ద చేతిలో పట్టుకుని, "అదే ఉత్తరం మళ్లీ వచ్చిందని పెట్టెకి ఎందుకు తెలీదు? పోనీ ఎన్నిసార్లు తిరిగిందో ఉత్తరానికైనా తెలియాలిగా?" అంది. పన్నెండేళ్లుగా తీగలు పీకుతున్నాను, కొస లాగేస్తే ఆగిపోతుందని తెలుసు, ఎందుకని ఎప్పుడూ అనుకోలేదు. "ముందు తిను" అన్నాను. మర్నాడు డబ్బాల సార్ కిందికొస్తే, ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా అతన్ని అడిగాను. అతని మొహం వెలిగిపోయింది. "ఈ ప్రశ్న మాకు రెండో ఏడాదిలో గానీ రాలేదు మేడమ్, అదీ ప్రొఫెసరు అడిగితే. మీకెలా తట్టింది?" అన్నాడు. "ఊరికే సార్, అలా తట్టింది" అన్నాను. అరగంట కూర్చుని చెప్పాడు నాకు, డబ్బాలు గీయకుండా, మనిషికి మనిషి చెప్పినట్టు. జవాబు అర్థమైంది కూడా. ఆ సాయంత్రం ఇంటికెళ్లి చెల్లెలికి చెప్పలేదు. అది మళ్లీ అడగలేదు, నేను చెప్పలేదు. చిన్నపిల్ల చేతిలో మిఠాయి దొంగిలించి తిన్నట్టు ఆర్నెల్లుగా నాలో నేనే చప్పరిస్తున్నాను.

నాలుగూ ముప్పై ఆరు. పేజీ ఒకసారి రిఫ్రెష్ చేద్దామని నొక్కితే తెర మీద చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. ఏమైంది. తల ఎత్తి చూస్తే చట్రంలో పెట్టెలన్నీ, పైనుంచి కిందిదాకా, ప్రతి దీపమూ పిచ్చెక్కినట్టు కొట్టుకుంటోంది, ఆరడం వెలగడం కాదు, వణుకు. గోడ మీది ఫోను మోగింది, మందుల కౌంటరు. పెట్టీ పెట్టగానే మళ్లీ మోగింది, ఎక్స్‌రే. వస్తున్నానండీ, చూస్తున్నానండీ, రెండు నిమిషాలండీ. తగిలించిన తీగల్లో ఒకటి, ఏదో ఒకటి, రెండు కొసలూ ఇందులోనే గుచ్చాను. నేనే గుచ్చాను. బుద్ధులింకా సగమే ఎక్కాయి దీనికి, అలాంటిది జరిగితే నోరు మూయాలన్న బుద్ధి ఇంకా రాలేదు, అందుకేగా మేస్త్రి వద్దనేది. ఒక కొసకే పేరు చీటీ అంటించాను, రెండోదానికి అంటించలేదు, అది కూడా మేస్త్రి వద్దనేదే. నేను తెరిచిన పేజీ నేను చేసిన తప్పుకే మూసుకుపోయింది, ఐదింటి దాకా ఇలాగే ఉంటే ఏ గుండ్రమూ నొక్కక్కర్లేదు, రెండు సీట్లూ పోతాయి. పోనీ. ఈ మాట నా లోపల ఎవరో అన్నారు, చాలా నెమ్మదిగా. పోనీ, నువ్వేం కావాలని చేయలేదుగా. నా చెయ్యి ఆగింది. ఎంతసేపు ఆగిందో తెలీదు, మూడు లెక్కపెట్టేంతసేపు. మూడు లెక్కపెట్టేంతసేపు నేను నా చెల్లెలి రెండు సీట్లూ పోవాలని కోరుకున్నాను.

తర్వాత తీగల్లోకి వేళ్లు పోనిచ్చాను. చీటీ లేని కొసలన్నీ వరసగా లాగుతూ పోయాను, ఒకటి, రెండు, ఐదు, ఏడోది లాగగానే వణుకు ఆగింది, దీపాలన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చుకుని మామూలుగా మిణుకుమన్నాయి. వేళ్లు చల్లగా అయిపోయాయి. తలుపు దగ్గర డబ్బాల సార్, మెట్లు పరిగెత్తి దిగినట్టున్నాడు, "ఏమైంది మేడమ్?" అన్నాడు. "నా తప్పే సార్. రెండు కొసలూ ఇందులోనే పెట్టాను." అతను నవ్వాడు, ఎగతాళి కాదు. "మీరా రోజు అడిగారు చూడండి, అదే మళ్లీ. ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను ఆ ప్రశ్న" అన్నాడు. అది నేనడగలేదు సార్ అనొచ్చు. నోటిదాకా వచ్చింది. పైన సర్దిచెబుతాను, మీరు కానివ్వండి అని అతను వెళ్లిపోయాడు, నేను అనలేదు.

నాలోనూ ఒక్కటే మాట, చుట్టూ తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ నకళ్లు పెట్టుకుంటూ, నాకు రావలసింది, నాకు రావలసింది, నాకు రావలసింది. పన్నెండేళ్లు. అసలేం జరిగిందో కాసేపు చూద్దాం అనుకుంటే ఏమీ దాగలేదు, అక్కడే ఉంది. నేను చూడటానికి వెళ్లిన రోజు, అదే హాలు, అవే మెట్ల బల్లలు, నేను చివరి వరసలో, బోర్డు మీద ఎవరో రాస్తున్నారు, అందరూ ఒకేసారి నవ్వారు, దేనికి నవ్వారో నాకు అర్థం కాలేదు. అంతే జరిగింది. ఎవరూ నన్నేమీ అనలేదు. చేతులు చల్లబడిపోయి, మధ్యలో లేచి బయటికొచ్చాను. నాన్న పూటసెలవు పెట్టి వచ్చి బయట మోటారుసైకిలు పక్కన నిలబడి ఉన్నాడు. "ఎలా ఉంది తల్లీ?" అన్నాడు. "బాగుంది" అన్నాను. అక్కణ్ణుంచి టెక్నికల్ కాలేజీకి వెళ్లాం, పంతులమ్మ నా చేతికి క్రింపరిచ్చింది, మొదటిసారికే దీపం వెలిగింది, నేను నవ్వాను, పెద్దగా, నోరంతా తెరిచి. నాన్న తలుపు దగ్గర నిలబడి చూశాడు. ఆ సాయంత్రం అన్నాడు, "నీకెక్కడ నవ్వొస్తే అక్కడ చేరు తల్లీ." వద్దనలేదు. ఎవరూ దేన్నీ వద్దనలేదు. నా ఇష్టంతో నేను చేరాను, బాగా చదివాను, బ్యాచ్ బంగారాన్నయ్యాను, ఆ హాల్లోంచి లేచి వచ్చేసినందుకు మాత్రం ఎవరో ఒకరు తప్పు మోయాలి కాబట్టి నాన్న చేత మోయించాను. నాకు యూనివర్సిటీ మీద కూడా కాదు కుళ్లు. అది రెండో వరసలో కూర్చున్నందుకు. అర్థం కానప్పుడు చేతులు చల్లబడకుండా చెయ్యెత్తినందుకు.

పేజీ వచ్చింది. నాలుగూ నలభై ఏడు. గీత డెబ్భై. సెల్లు స్టూలు మీద గిలగిల్లాడింది, లాప్‌టాప్ పట్టుకునే తలుపు సందులోకి పోయి నిలబడ్డాను.

"అక్కా, పెట్టేశావా?" వెనక యంత్రాల రొద.

"లేదే. ఇక్కడ చిన్న గొడవైంది. ఏది పెట్టమంటావు?"

"నీ ఇష్టం అన్నాగా."

"సీటు నీది, నా ఇష్టమేంటి. చెప్పు."

"సరే, టెక్నికల్ కాలేజీ పెట్టేయ్. అక్కడ మీ మేడమ్ కూడా ఉంటుందిగా. అదే పెట్టేయ్."

నేను పది రోజులుగా వినాలనుకున్న మాట. నా ఉపన్యాసం అక్కర్లేకుండానే దాని నోట్లోంచే వచ్చేసింది, పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టు. నొక్కేస్తే ఎవరూ ఏమీ అనరు, అదే అడిగింది. వేలు ఆ గుండ్రం మీదికి వెళ్లింది కూడా. ఏదో తేడాగా అనిపించి ఆగాను. గబగబా అంది. ఊపిరి తీసుకోకుండా అంది. పుట్టి బుద్ధెరిగాక ఇది దేన్నైనా అంత తొందరగా ఒప్పుకోవడం నేను చూడలేదు.

"ఎందుకు?" అన్నాను.

మా ఇంట్లో నేను ఆ మాట అనడం అదే మొదటిసారేమో.

"చెప్పవే. ఎందుకు?"

"యూనివర్సిటీ అంటే నీ మొహం మారిపోతుంది అక్కా," అంది. "ఎప్పుడూ అంతే. నాన్న కూడా అన్నారు, అక్క దగ్గర ఆ మాట మరీ ఎత్తకే అని. నీకు బాధైతే నాకొద్దులే. రెండూ కంప్యూటరేగా."

తలుపు చెక్కకి ఆనుకున్నాను. ఎవరికీ తెలీదనుకున్నాను. దాని భుజం మీంచి నేను గోడకేసి చూస్తుంటే ఎవరూ నన్ను చూడటం లేదనుకున్నాను. పది రోజులు అది ఏదీ పెట్టకుండా ఎందుకు నాన్చిందో, నువ్వే పెట్టేయ్ అని పొద్దున చెప్పుల వైపు చూస్తూ ఎందుకందో ఇప్పుడు తెలిసింది. నన్ను కాపాడటానికి ఇంటిల్లిపాదీ కాళ్లు చప్పుడు కాకుండా నడుస్తున్నారు, నేనేమో కంచం చప్పుడు చేశాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి, ఆ చలిలో.

"అక్కా? ఉన్నావా?"

"ఉన్నా. నీకేది కావాలి? నా మొహం సంగతి వదిలెయ్."

"...యూనివర్సిటీ."

"పెడుతున్నా."

"నీకు బాధ అవదా?"

"అవుతుంది," అన్నాను. "ఇప్పుడే అవుతోంది. అయినా పెడుతున్నా." గుండ్రం నొక్కాను. ఖాయం చేయమంటారా అని పేజీ అడిగింది, అవునన్నాను. ఒకసారి చేస్తే మార్చడానికి వీల్లేదంది, తెలుసన్నాను. చక్రం తిరిగింది. ఈసారి ఏ తీగా అడ్డుపడలేదు, మీ సీటు ఖాయమైంది అని పచ్చ అక్షరాల్లో వచ్చింది, పక్కనే నోరు తెరిచిన దాని ఫోటో. నాలుగూ యాభై మూడు. కుళ్లు ఎక్కడికీ పోలేదు. పోతుందనుకున్నాను నొక్కితే.

"అయిపోయిందే. ఇంకో మాట. నీ ప్రశ్న ఒకటి నేనడిగానని చెప్పుకున్నా, మా సార్ దగ్గర. తీగ రెండు కొసలదీ."

"ఏ ప్రశ్న?" అంది.

గుర్తే లేదు దానికి. ఆర్నెల్లుగా నేను దాచుకున్నది, అది పారేసుకున్నానని కూడా ఎరగదు. నవ్వొచ్చింది, మండింది, రెండూ. "అదే ఉత్తరం మళ్లీ వచ్చిందని పెట్టెకి ఎందుకు తెలీదన్నావు, భోజనాల దగ్గర."

"ఆ! అదా! అవునూ, ఎందుకట? చెప్పాడా మీ సార్?"

"చెప్పాడు."

"చెప్పు చెప్పు, రెండు నిమిషాల్లో బెల్లు కొట్టేస్తారు."

చెప్పాను. బయట ఊళ్లకి పోయే ఉత్తరాల మీద ఒక అంకె ఉంటుంది, గుమ్మం దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే చించేస్తారు. ఒకే ఇంట్లో తిరిగే ఉత్తరాల మీద ఆ అంకె రాయడానికి చోటే పెట్టలేదు, అందుకే దానికీ తెలీదు, పెట్టెకీ తెలీదు, ఎవరో ఒకరు కొస లాగేదాకా తిరుగుతూనే ఉంటుంది. డబ్బాల సార్ నాకు చెప్పినట్టే చెప్పాను, ఒక్క ముక్క దాచుకోలేదు. అవతల అది నోరు కాస్త తెరిచి నిలబడి ఉంటుంది, నాకు తెలుసు.

"మరి ఆ చోటు ఎందుకు పెట్టలేదక్కా?"

"నాకు తెలీదే," అన్నాను. ముందు తిను అనలేదు, పెట్టెకి బుర్రుండదు అనలేదు. "వెళ్లి తెలుసుకో. తెలిశాక నాకు చెప్పు. నాలాగా దాచుకోకు."

అవతల బెల్లు మోగింది, ఫోన్ పెట్టేసింది. ఏం దాచుకున్నావని అడగడానికి దానికి టైము చాల్లేదు. ఇంటికి రాగానే అడుగుతుంది.